ఇటుకల ఆటను గురించి ఆడినవారి మాట

వార్షిక సంచికలో తెలుగు అధ్యాపకుడు కావ్యాన్ని గురించో, భాషను గురించో వ్రాయడం పరిపాటి. కంప్యూటరు తెరపై బంతితో ఇటుకలు రాల్చే ఆటను గురించి వ్రాయబూనడం కొందరు పెద్దలకు వింతగా తోచవచ్చును. కాని మన కంప్యూటరు ప్రయోగశాలలోని యంత్రాలన్నింటి నుండి ఆటలను తొలగించవలెనన్న సూచన ఈ సంవత్సరం కళాశాల సంఘం ముందుకు వచ్చినది. దానికి కారణం ఈ ఇటుకల ఆటయే. విరామ సమయంలో నలుగురైదుగురు విద్యార్థులు ఒకే తెర ముందు గుమికూడి "అంచుకు కొట్టు, అంచుకు కొట్టు" అని కేకలు వేయడం పక్క గదిలోని పాఠానికి ఆటంకమైన మాట వాస్తవమే. అయినను తీర్పుకు ముందు సాక్షుల వాఙ్మూలం వినడం న్యాయస్థానాల పద్ధతి. ఇక్కడ సాక్షులు ఆడినవారు. ఆ ఆటలో వారికి నచ్చినదేమి, నచ్చనిదేమి అని ఎవరూ అడిగినట్లు లేదు. నేను అడిగితిని.

ఆట ఎరుగని పెద్దల కొరకు దాని స్వరూపం ముందుగా మనవి చేస్తాను. తెర పైభాగాన వరుసలు వరుసలుగా ఇటుకల గోడ ఉంటుంది. అడుగున కుడియెడమలకు మాత్రమే జరిగే చిన్న పలక ఉంటుంది. దీనిని ఆటగాళ్లు బ్యాటు అంటారు. బంతి తగిలిన ఇటుక మాయమై, బంతి క్రిందికి మరలుతుంది. దానిని బ్యాటుతో తిరిగి పైకి పంపవలెను. జారవిడిస్తే ఒక లైఫ్ పోయినట్లు. గోడ యావత్తు రాలితే గెలుపు. మన వాడలలోని ఏడు పెంకులాట, కొందరు ఉర్దూలో పిట్టూ అని పిలుచుకొనేది, దీనికి దూరపు చుట్టమే. అక్కడా బంతితో కొట్టి పేర్పును కూల్చడమే కదా!

ఈ ఆటకు మూలం 1976లో అమెరికాలోని అటారీ సంస్థ వెలువరించిన బ్రేకౌట్. అదే సంస్థ 1972లో పాంగ్ అనే ఆటను తెచ్చినది. అందులో ఇద్దరు మనుషులు బంతిని అటూ ఇటూ కొట్టుకొనేవారు. ఎదుట మనిషి లేకుండా ఒక్కరే ఆడదగిన పాంగ్ ఎట్లుండునని నోలన్ బుష్నెల్, స్టీవ్ బ్రిస్టో ఆలోచించగా, ప్రత్యర్థి స్థానంలో గోడ వచ్చినది. మొదటి యంత్రంలో ఎనిమిది వరుసలు, వరుసకు 14 ఇటుకలు. తెర నలుపు తెలుపులది కావడం చేత ఇటుకలకు రంగు వచ్చునట్లు దానిపై రంగు పట్టీలు అతికించినారు. రెండేసి వరుసలకు ఒక రంగు. పసుపు ఇటుకకు 1, ఆకుపచ్చకు 3, నారింజకు 5, ఎరుపుకు 7 పాయింట్లు. లెక్క వేసికొనండి: ఒక గోడకు 448. రెండు గోడలు కూల్చినవానికి 896. అంతటితో సరి.

తరువాతి కథను త్వరగా ముగిస్తాను. ఇంటింటి కంప్యూటర్ల కాలం రాగానే ఈ గోడ ఇండ్లలోకి వచ్చినది. 1982లో బ్రిటన్‌లో వెలువడిన సింక్లేర్ స్పెక్ట్రమ్ యంత్రంతో పాటు ఇచ్చిన పరిచయ క్యాసెట్టులోనే త్రూ ది వాల్ అనే ఇటుకల ఆట ఉన్నది. 1986లో జపానుకు చెందిన తైటో సంస్థ ఆర్కనాయిడ్‌ను తెచ్చినది. మరుసటి ఏడు అది స్పెక్ట్రమ్‌కూ, కమొడోర్ 64కూ చేరినది. 1996లో వచ్చిన డి.ఎక్స్. బాల్ మౌసుతో ఆడేది. మన దేశంలో 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం క్రింద కొన్ని పాఠశాలలకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లను ఇచ్చినది గాని, మన నిజామాబాదు, బోధన్ ప్రాంతపు పిల్లలలో అధికులకు ఈ ఆట తెలిసినది పాఠశాలలో కాదు. గల్ఫు దేశాల నుండి సెలవుపై వచ్చిన బాబాయిలు, మామలు తెచ్చిన టీవీ గేముల ద్వారా తెలిసినది. రంజాను పండుగనాడు పెద్దలిచ్చిన ఈదీ డబ్బులు గంట లెక్కన అద్దెకిచ్చే టీవీ గేము దుకాణానికి చేరిన రోజులు నా తరం వారికి జ్ఞాపకమే. తరువాత కంప్యూటరు శిక్షణ కేంద్రాలు వచ్చినవి. అక్కడ టైపింగు నేర్చినవారికంటె డి.ఎక్స్. బాల్ నేర్చినవారే ఎక్కువ అంటే అతిశయోక్తి కాబోదు.

ఇక సాక్షుల మాట.

ఆటగాళ్ల అభిప్రాయాలలో మొదటిదీ, అత్యంత విలువైనదీ చేతిని గురించినది. "ఆట మంచిదే సార్, కీబోర్డు మీద పాడైతది" అని బి.కాం. రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు అన్నాడు. ఇందులో గొప్ప విషయం ఉన్నది. బ్రేకౌట్ మొదటి యంత్రానికి రేడియో స్టేషను మార్చే గుండీ వంటి గుండ్రని మీట ఉండేది. వేగంగా త్రిప్పితే బ్యాటు వేగంగా, మెల్లగా త్రిప్పితే మెల్లగా పోవును. కీబోర్డులోని మీటకు నొక్కడం, నొక్కకపోవడం తప్ప మధ్య స్థితి తెలియదు. అందువల్ల బ్యాటు ఒకే వేగంతో పోతుంది, బంతి దగ్గరకు వచ్చేసరికి అయితే ముందుంటుంది, లేకపోతే వెనుకబడుతుంది. స్పెక్ట్రమ్ వంటి యంత్రాలలో కీబోర్డుతో ఆడినవారి బాధ ఇదే. మౌసుతో ఆడినవారు మాత్రం ఆటను మెచ్చుకొంటారు. ఒకే ఆటపై రెండు విరుద్ధాభిప్రాయాలు వినిపించినప్పుడు, వారు ఏ చేతితో ఆడినారో అడుగవలెను. ఒకే పద్యాన్ని ఇద్దరు చదివితే ఒకరి నోట రాణించి మరొకరి నోట తేలిపోవడం నేను తరగతిలో నిత్యం చూసేదే.

రెండవ మాట అదృష్టాన్ని గురించినది. బంతి ఎటు పోవునో ఎవరికి తెలియును, ఇది జూదమే అని కొందరు పెద్దల వాదం. దీనికి సమాధానం ఒక విద్యార్థిని చెప్పినది. బ్యాటు మధ్యభాగానికి తగిలితే బంతి నిటారుగా పోతుంది, అంచుకు తగిలితే వాలుగా పోతుంది, కనుక ఎక్కడ కొట్టవలెనో ముందే నిశ్చయించుకొంటానన్నది. ఆ బాలిక ఏ గ్రంథమూ చదివి ఈ మాట అనలేదు. పాంగ్‌ను నిర్మించిన ఆలన్ ఆల్కార్న్ 1972లోనే బ్యాటును ఎనిమిది భాగాలుగా చేసి, ఏ భాగానికి తగిలితే ఏ కోణంలో మరలవలెనో నిర్ణయించినాడు. తయారు చేసినవాడు లోపల దాచిన సూత్రాన్ని ఆడిన పిల్ల బయటి నుండి కనుగొన్నది. పక్క గది పాఠానికి ఆటంకమైన ఆ "అంచుకు కొట్టు" అనే కేకకు అర్థం ఇదే.

ఈ సందర్భంలో మరొక విశేషం. లండనులోని డీప్‌మైండ్ సంస్థవారు తమ కృత్రిమ మేధకు ఇటీవలి దశాబ్దంలో నేర్పిన ఆటలలో బ్రేకౌట్ ఒకటి. వారి పరిశోధన 2015లో నేచర్ పత్రికలో వచ్చినది. ఆ యంత్రానికి తెరను, పాయింట్లను చూపినారు తప్ప ఉపాయం చెప్పలేదు. అది వందల కొలది ఆటలు ఆడి, గోడ ఒక ప్రక్కన సొరంగం త్రవ్వి బంతిని గోడ వెనుకకు పంపడం తానే నేర్చినది. అక్కడ బంతి పైకప్పుకూ గోడకూ మధ్య ఎగిరెగిరి ఇటుకలను వెనుక నుండి రాలుస్తుంది. లోకం ఆశ్చర్యపడినది. మన ప్రయోగశాలలోని పిల్లలు ఆశ్చర్యపడలేదు. "అది మాకు ఎప్పుడో తెలుసు గద సార్" అన్నారు.

ఆర్కనాయిడ్ విషయంలో ఆటగాళ్లు రెండు వర్గాలైనారు. ఇటుక పగిలినప్పుడు దాని నుండి రాలే గుళికలు అందులోని కొత్తదనం. ఒక గుళిక బ్యాటును పొడిగిస్తుంది, ఒకటి బంతిని మూడు చేస్తుంది, మరొకటి బ్యాటుకు తుపాకి ఇస్తుంది. చిన్నవారికి ఇది పండుగ. కొందరు నేర్పరులు మాత్రం గుళికలు లేని పాత గోడయే నిజమైన పరీక్ష అని పట్టుబట్టినారు. నా మొగ్గు రెండవ వర్గం వైపు. అలంకారాలు ఎక్కువైన కొద్దీ పద్యంలో నడక కనబడదు. కాని చివరి ఇటుక విషయంలో అందరిదీ ఒకే ఫిర్యాదు. గోడంతా పోయి మూలన ఒక్క ఇటుక మిగులుతుంది, బంతి దానిని తప్ప తెరనంతా చుట్టి వస్తుంది. ఇది తయారీలోని లోపమా, ఆటగాని లోపమా అన్న విషయమై గంటసేపు వాదించినారు. తరగతిలో అలంకార శాస్త్రం చెప్పినప్పుడు ఇంతటి చర్చ ఎన్నడూ జరుగలేదని కొంత అసూయతోనే ఒప్పుకొనవలసి ఉన్నది.

అన్నింటికంటె నన్ను కదిలించిన మాట శక్కర్‌నగర్ నుండి వచ్చే విద్యార్థిది. 1930ల చివర వెలసి, బోధన్ చుట్టుపట్ల గ్రామాలలో చెరకు పండించిన ప్రతి ఇంటికీ పేరు తెలిసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడినది. ఆ పిల్లవాని తాత అందులో పనిచేసినవాడు. "ఈ ఆటల గోడ పడగొట్టుడే ఉన్నది గానీ కట్టుడు లేదా సార్?" అని అడిగినాడు. ఏడు పెంకులాటలో కూల్చిన పెంకులను తిరిగి పేర్చినవాడే గెలుస్తాడు. ఇటుకల ఆటలో ఆ సగం లేదు. యాబై ఏండ్లనాటి ఆటపై ఇంతకంటె సూటియైన విమర్శ నేను వినలేదు.

ఇక పెద్దల అభ్యంతరాలను తేలికగా త్రోసివేయలేము. చదివి వ్రాసినవాడు నవాబవుతాడు, ఆడి గంతులు వేసినవాడు చెడిపోతాడు అనే ఉర్దూ సామెత మన ఇండ్లలో వినబడుతూనే ఉన్నది. బీడీలు చుట్టి ఫీజు కట్టిన తల్లికి తన బిడ్డ బంతి కొడుతూ కనబడితే కలిగే బాధ నిజమైనది. సెల్‌ఫోనులో డబ్బు పందెపు ఆటలవల్ల కుటుంబాలు అప్పులపాలైన సంగతీ నిజమే. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2017లో వాటిని నిషేధించినది, 2025లో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసినది. అయితే ఇటుకల ఆట పైసా అడుగదు, రేపు మళ్లీ రమ్మని కబురు పంపదు, ఓడితే అప్పు పెట్టదు. రెంటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

సంఘంవారు ఆలోచించవలసిన మరొక వృత్తాంతం ఉన్నది. బ్రేకౌట్ నమూనాను నాలుగు రోజులు నిద్ర మాని తయారు చేసినవాడు స్టీవ్ వోజ్నియాక్. ఆ పని అప్పగించినవాడు అతని మిత్రుడు స్టీవ్ జాబ్స్. తరువాత, 1977లో వెలువడిన ఆపిల్ 2 కంప్యూటరును వోజ్నియాక్ రూపొందించినాడు. అందులో రంగులు, శబ్దం, గుండ్రని మీటలు ఎందుకు పెట్టినావంటే, బేసిక్ భాషలో బ్రేకౌట్ వ్రాసి ఆడుకొనడానికే అన్నది అతడే అనేకసార్లు చెప్పిన సమాధానం. ఆటపై ఉన్న అభిప్రాయం యంత్రం రూపాన్నే నిర్ణయించినదన్న మాట.

కనుక నా సూచన ఇది. ప్రయోగశాలలోని ఆటలను తొలగించదలచితే తొలగించండి. కాని వాటి స్థానంలో మన విద్యార్థులే ఒక ఇటుకల ఆటను వ్రాయవలెను. కోణం ఎట్లుండవలెనో, కీబోర్డుపై బ్యాటు ఎట్లు నడువవలెనో, చివరి ఇటుకను ఏమి చేయవలెనో వారికి ముందే తెలిసియున్నది. పైన చెప్పిన ఫిర్యాదులన్నీ కలిపితే అదే పని పట్టిక. కూల్చిన గోడను తిరిగి కట్టే సగాన్ని శక్కర్‌నగర్ పిల్లవానికి అప్పగించవచ్చును. తెరపై మాటలు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండవలెను. ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం. ప్రోగ్రాములో జాగ్రత్త పడకపోతే ఉర్దూ అక్షరాలు కలియక విడివిడిగా, వరుస తలక్రిందులై పడతాయి; తెలుగు వత్తు ఒక చోట, అక్షరం ఒక చోట తేలుతుంది. ఆ చిక్కు విప్పడంలో ఉర్దూ శాఖవారు, తెలుగు శాఖవారు కంప్యూటరు విద్యార్థుల పక్కన కూర్చొనవలసి వస్తుంది. ఇంతవరకు ఆ మూడు శాఖలు ఒకే బల్ల వద్ద కూర్చున్నది ఫొటో కొరకే.

కేకల సమస్య మిగిలినది. వారానికి రెండు రోజులు, తరగతులు ముగిసిన తరువాత ఒక గంట చొప్పున ప్రయోగశాల తెరచినచో పక్క గదిలో పాఠం ఉండదు. అందులో ఒక రోజు విద్యార్థినులకు ప్రత్యేకించవలెను. ప్రస్తుతం తెర ముందు ముందు వరుస మగపిల్లలదే, బంతి కోణం చెప్పిన ఆ బాలిక సైతం వెనుక నిలబడి ఆడించినది గాని ఆడినది తక్కువ. బస్సు వేళలను బట్టి ఏ రోజులు అనుకూలమో సంఘంవారు నిర్ణయింతురు గాక. ఆ సమయంలో తాళంచెవి నా వద్ద ఉంచుకొనడానికి నాకు అభ్యంతరం లేదు.