వంటింటి వచనం

పిండివంట అనగానే పెద్దలకు పండుగ జ్ఞాపకం వస్తుంది. పిల్లలకు ఆకలి జ్ఞాపకం వస్తుంది. భాషోపాధ్యాయునికి మాత్రం మరొకటి కూడా జ్ఞాపకం రావలసి ఉన్నది. అది వచనం. ఒక పదార్థాన్ని ఎట్లా తయారు చేస్తారో, ఏ పని తరువాత ఏ పని జరగాలో, ఆ క్రమం ఎందుకు తప్పరాదో ఎదుటివాడు విని చేయగలిగేటట్లు చెప్పటం వచనానికి మొదటి పరీక్ష. ఉపమానాలతో, సమాసాలతో ఆ పరీక్షను దాటటం సాధ్యం కాదు. చెప్పినట్లు చేస్తే పదార్థం కుదరాలి. కుదరకపోతే ఆ వచనం తప్పినట్లే. ఇంత నిష్కర్షగా మార్కులు వేసే పరీక్షాధికారి మరొకడు లేడు. అయినా తెలుగు పాఠశాలలో ఈ పరీక్ష పెట్టేవారు అరుదు.

ఉదాహరణకు సర్వపిండిని తీసుకోవచ్చు. సూర్యాపేట జిల్లాలో, కృష్ణానదికి ఉత్తరాన, మేళ్లచెరువు ఉన్నది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేవరకు అది నల్లగొండ జిల్లాలోని ఊరు. శంభులింగేశ్వరస్వామి ఆలయం వల్ల, మహాశివరాత్రి జాతర వల్ల భక్తులకు తెలిసిన ఊరు. సున్నపురాతి వల్ల, సిమెంటు కర్మాగారాల వల్ల వ్యాపారులకు తెలిసిన ఊరు. అటు కోదాడ, ఇటు మిర్యాలగూడ మొదలుకొని ఈ ప్రాంతపు ఇండ్లలో సాయంకాలపు ఫలహారంగా చేసుకొనే దళసరి బియ్యపురొట్టె ఒకటి కలదు. అది అడుగున కరకర, పైన మెత్తన. నోటికి కారం, వెనుక నువ్వుల కమ్మదనం. నల్లగొండ వైపు దీనిని తపాలచెక్క అంటారు. తెలంగాణలోని ఇతర ప్రాంతాలలో సర్వపిండి, సర్వప్ప, గిన్నప్ప, గంజుపిండి అని వేరు వేరు పేర్లు వినిపిస్తాయి.

ఈ పేర్లను ఒకచోట చేర్చి చూస్తే విద్యార్థికి ఒక విశేషం కనబడుతుంది. సర్వ, గిన్నె, గంజు, తపాల: ఇవన్నీ పాత్రల పేర్లే. గారెలోనో పులిహోరలోనో పాత్ర ప్రసక్తి లేదు. ఈ రొట్టె మాత్రం ఎక్కడికి పోయినా పాత్ర పేరునే వెంటబెట్టుకొని పోయింది. కారణం స్పష్టం. ఇక్కడ పాత్ర కేవలం పాత్ర కాదు, అదే పొయ్యి. పట్టణాల బేకరీలలో రొట్టెలను, బిస్కట్లను కాల్చటానికి వేడిని నలువైపుల నుండి కమ్మించే భట్టీ ఉంటుంది. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో దొరికే ఉస్మానియా బిస్కట్టు అటువంటి భట్టీలో పుట్టినదే. పల్లెటూరి ఇంట్లో భట్టీ లేదు. కట్టెల పొయ్యి ఉన్నది, గుండ్రని అడుగుగల సర్వ ఉన్నది, మూత ఉన్నది. ఆ మూడింటితోనే ఇల్లాలు భట్టీ పనిని సాధించింది. ఆ సంగతిని పేరే చెబుతున్నది.

ఇక విధానం. సోలెడు బియ్యపుపిండికి గిద్దెడు శనగపప్పును రెండు గంటలపాటు ముందుగా నానబెట్టాలి. పల్లీలను వేయించి, పొట్టు తీసి, కచ్చాపచ్చాగా దంచుకోవాలి. పిండిలో ఈ రెండింటితోపాటు గుప్పెడు నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కరివేపాకు, కొత్తిమీర, జీలకర్ర, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ఉప్పు కలిపి, వేడినీళ్లను కొద్దికొద్దిగా పోస్తూ ముద్ద చేయాలి. ముద్ద చేతికి అంటుకోరాదు, అంచులు పగలరాదు. సర్వ లోపల నూనె రాసి, ముద్దను అడుగున ఉంచి, వేళ్లతో అంచులవైపు అదుముతూ పోవాలి. తరువాత వేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి, ఒక్కొక్క రంధ్రంలో కొంచెం నూనె విడిచి, మూతపెట్టి సన్నని సెగమీద ఉంచాలి. నడుమ నడుమ సర్వను పక్కకు వంచి తిప్పుతూ ఉంటే అంచులు కూడా సమంగా కాలుతాయి. ఇంచుమించు 10, 15 నిమిషాలకు రొట్టె తానై పాత్రను వదులుతుంది. దానిని తిరగవేయవలసిన పని లేదు. రెండవ రొట్టెకు ముందు సర్వను నీళ్లతో చల్లార్చాలి, లేదా మరొక సర్వను తీసుకోవాలి. కాలిన పాత్రలో పిండి అదుమబోతే కాలేది వేళ్లే.

ఈ విధానంలో ఏ ఒక్క మాటా అనవసరమైనది కాదు. ప్రతి దానికీ కారణం ఉన్నది. గోధుమపిండిని తడిపి పిసికితే అందులోని మాంసకృత్తులు జిగురై సాగుతాయి. అందువల్లనే చపాతీ కర్రకు లొంగుతుంది. బియ్యపుపిండికి ఆ జిగురు లేదు. వేడినీళ్లు తగిలినప్పుడు దానిలోని గంజిపదార్థం కొంత ఉబ్బి, ఆ లోటును పాక్షికంగా తీరుస్తుంది. అయినా కర్రతో ఒత్తటానికి చాలదు. కనుక వేళ్లతో అదుముతారు. మూతపెట్టటం వల్ల ఆవిరి లోపలనే నిలిచి, రొట్టె పైభాగాన్ని మగ్గబెడుతుంది. తడి ఉన్నంతవరకు వేడి 100 డిగ్రీల సెంటీగ్రేడును దాటదు గనుక పైభాగం తెల్లగా, మెత్తగా ఉండిపోతుంది. అడుగున నూనె తగిలి తడి ఆరినచోట వేడి అంతకంటె చాలా ఎక్కువకు పోతుంది. సుమారు 140 డిగ్రీలు దాటిన తరువాత పిండిపదార్థం ఎర్రబారటం చురుకవుతుంది, కమ్మని వాసన పుడుతుంది. రంధ్రాలు నూనెను అడుగుకు దించుతాయి, ఆవిరిని పైకి పంపుతాయి. ఒకే రొట్టె అడుగున వేగి, పైన ఉడికి, రెండు రుచులను ఇవ్వటంలోని రహస్యం ఇదే. భౌతిక, రసాయన శాస్త్రాల ఉపాధ్యాయులకు ఇంతకంటె చేరువైన ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది?

భాషా దృష్టితో చూసినా సంపద తక్కువ కాదు. జొన్నరొట్టెను తడతారు, చపాతీని ఒత్తుతారు, సర్వపిండిని అదుముతారు. పప్పు ఉడుకుతుంది, పల్లీలు వేగుతాయి, కూర మగ్గుతుంది, రొట్టె కాలుతుంది, అజాగ్రత్తగా ఉంటే మాడుతుంది. దంచటం వేరు, నూరటం వేరు, విసరటం వేరు. ఈ క్రియాపదాలలో ఒకదానికి బదులు మరొకటి వాడితే అర్థం తప్పటమే కాదు, పదార్థమే చెడుతుంది. పర్యాయపదాలను వల్లెవేయటంలో ఆరితేరిన విద్యార్థికి, నిజానికి పర్యాయాలు కాని పదాల మధ్య సున్నితమైన భేదం నేర్పటానికి ఇది చక్కని అవకాశం. 'నూనె' అన్న మాటనే విప్పి చూస్తే అందులో నువ్వు, నెయ్యి రెండూ కనబడతాయి. ఒకనాడు నువ్వుల నుండి తీసిన దానికే చెల్లిన పేరు నేడు అన్ని నూనెలకూ చెల్లుతున్నది.

దళసరిగా, మెత్తగా, సంబారాలతో రొట్టెను కాల్చుకోవటం ఒక్క తెలంగాణ విద్య కాదు. మహారాష్ట్రలో థాలిపీఠ్, కన్నడదేశంలో అక్కిరొట్టి దీనికి దగ్గరి చుట్టాలు. ఇంకా దూరం పోతే జర్మనీలోని న్యూరెంబర్గు నగరంలో లెబ్‌కూఖెన్ అనే మెత్తని తీపి బిస్కట్టు కనబడుతుంది. తేనె, బాదం వంటి గింజలు, దాల్చినచెక్క, లవంగం, ఏలకులు, అల్లం అందులోని ద్రవ్యాలు. ఈ సంబారాలలో అధికభాగం తూర్పుదేశాల నుండి పోయినవే. అల్లానికి ఆంగ్లంలో ఉన్న పేరు కూడా 'ఇంజి' అనే ద్రావిడ మూలం నుండి గ్రీకు, లాటిను భాషల మీదుగా ప్రయాణం చేసినదే. న్యూరెంబర్గు వారు తమ బిస్కట్టు పేరును ఇతరులు వాడుకోకుండా 1996లో ఐరోపా సమాఖ్యలో భౌగోళిక రక్షణ పొందారు. ఇక్కడ కూడా 2009లో తిరుపతి లడ్డుకు, 2010లో హైదరాబాదు హలీముకు, 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే చట్టం పేరును కాపాడగలదు. చేయి తిరిగిన నేర్పును, దానిని చెప్పే మాటను కాపాడటం చట్టానికి సాధ్యం కాదు. అది ఇంటి పని, బడి పని.

ఇంతమాత్రాన బిస్కట్టు పరాయిది, సర్వపిండి స్వదేశీ అని తగవు పెట్టటం పొరపాటు. సర్వపిండిలోని మిరపకాయ అమెరికా ఖండం నుండి వచ్చి, 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడలలో భారతదేశం చేరినది. పల్లీ కూడా దక్షిణ అమెరికా పంటయే. తెలుగువాడు ఆ రెండింటినీ చూసి బెదరలేదు. అంతకుముందే తెలిసిన మిరియాన్ని బట్టి ఒకదానిని మిరప అన్నాడు. శనగను బట్టి రెండవదానిని వేరుశనగ అన్నాడు. కొత్త వస్తువుకు తన భాషలో చోటు చూపి, తన వంటలో పని ఇచ్చాడు. బియ్యం సంగతి సైతం ఆలోచింపదగినది. కృష్ణకు ఆవలనున్న పల్నాటి జొన్నకూటి మీద శ్రీనాథుని చాటువులు లోకప్రసిద్ధం. ఈవలి మెట్టభూములకూ జొన్న కొత్తది కాదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరుకు శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదలిన తరువాతనే ఎడమకాలువ కింద హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో వరి విస్తరించింది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందింది. కనుక సంప్రదాయం అంటే కదలని రాయి కాదు. వచ్చినదానిని అర్థం చేసుకొని కలుపుకొనే శక్తియే సంప్రదాయం. ఎవరో చేసి పొట్లం కట్టిన దానిని విప్పి తినటం మాత్రమే తెలిసిననాడు ఆ శక్తి సన్నగిల్లుతుంది.

నేటి ప్రమాదం అక్కడనే ఉన్నది. బడిసంచిలో బిస్కట్ల పొట్లం ఉండటం తప్పు కాదు. దానిమీద అచ్చువేసిన ద్రవ్యాల పట్టికను పిల్లవాడు చదవగలడు. తన ఇంటి సర్వపిండిలో ఏమున్నదో చెప్పలేడు. ఇంట్లో అవ్వ 'గిద్దెడు', 'చారెడు', 'చిటికెడు' అంటుంది. నాలుగు గిద్దెలు ఒక సోల అనీ, నాలుగు సోలలు ఒక మానిక అనీ ఆమెకు తెలుసు. 1956 చట్టంతో దశాంశపద్ధతి తూనికలు, కొలతలు వచ్చిన తరువాత బడిలో గ్రాములు, లీటర్లు నేర్పారు, అది అవసరమే. కాని అవ్వ కొలతకూ బడి కొలతకూ వంతెన వేసే పని ఎవరూ తలకెత్తుకోలేదు. తత్ఫలితంగా మనుమరాలు అవ్వను అడగటం మాని, తూకం చెప్పే మరొక సాధనాన్ని అడుగుతున్నది. అవ్వతోపాటే మాట కూడా పోతుంది.

తెలుగులో ఇటువంటి కృషికి మార్గదర్శకులు లేకపోలేదు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కావ్యాల నుండి తెలుగువారి తిండిని, బట్టను, ఆటపాటలను ఏరి చూపింది. 1955లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం లభించింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన 'మాండలిక వృత్తి పదకోశం' మొదటి సంపుటం వ్యవసాయ పదాలను రైతుల నోటినుండి సేకరించింది. 1971 నాటి రెండవ సంపుటం చేనేత పదాలను కూర్చింది. నాగలికి, మగ్గానికి దక్కిన ఆ గౌరవం ప్రతి ఊరి పొయ్యికీ దక్కవలసి ఉన్నది.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చు. ఒకటి: వంటను పొగడటం స్త్రీలను తిరిగి వంటింటికి పంపటమే అని. ఈ ఆక్షేపణ తేలికైనది కాదు. పొగలో కూర్చుండి పిండి అదిమిన చేతుల శ్రమను మరచి, రుచిని మాత్రమే కీర్తించటం అన్యాయమే. కాని ఆ అన్యాయం తొలగటానికి విద్యను మరచిపోవటం మార్గం కాదు, దానిని అందరికీ పంచటం మార్గం. మగపిల్లవాడు కూడా పిండి తడిపి, వేలు కాల్చుకొని, ఆ పనిని నాలుగు వాక్యాలలో రాసిననాడు దాని విలువ, బరువు రెండూ తెలుస్తాయి. రెండవ ఆక్షేపణ: పరీక్షలు, పాఠ్యప్రణాళిక ఉండగా దీనికి వేళ ఎక్కడిది అని. వ్యాసరచనకు వేళ ఉన్నది కదా! 'విద్యార్థులు - క్రమశిక్షణ' వంటి శీర్షికల కింద ఏటేటా అవే వాక్యాలు అప్పగించే వేళలో ఒక్క గంటను దీనికి కేటాయిస్తే చాలు.

ఆ గంటలో చేయవలసినది ఇంతే. ప్రతి విద్యార్థి ఇంట్లో ఒక పదార్థాన్ని చేసేటప్పుడు దగ్గర ఉండి చూడాలి. చేసేవారి మాటలను వారు పలికినట్లే రాసుకోవాలి. వారు చెప్పిన కొలతను గిన్నెతో కొలిచి, గ్రాములలో కూడా రాయాలి. దానిని మరొక విద్యార్థికి ఇవ్వాలి. ఆ రెండవవాడు తన ఇంట్లో, పెద్దల ఎదుట, రాసినదాని ప్రకారమే చేసి చూడాలి. ఎక్కడ తడబడ్డాడో అక్కడ వాక్యం లోపించిందని మొదటివాడు గ్రహించి తిరగరాయాలి. మేళ్లచెరువు పిల్లల రాతలను కోదాడ పిల్లలు, వారి రాతలను మిర్యాలగూడ పిల్లలు చదివితే, ఒకే రొట్టెకు ఎన్ని పేర్లో, ఒకే పనికి ఎన్ని క్రియలో బయటపడతాయి. ఏడాది చివర ఆ కాగితాలను కుట్టి గ్రంథాలయంలో ఉంచాలి. అవ్వల పేర్లను కూడా, వారి అనుమతితో, అట్టమీద రాయాలి. ఆ పుస్తకానికి గ్రంథకర్తలు వారే గదా!