బసివిని అడగని ఈడు మా బిడ్డల్ని అడుగుతారా?

రాయదుర్గం, కళ్యాణదుర్గం పక్క మాదిగ, బోయ ఇండ్లల్లో కొడుకు లేకుంటే కూతుర్ని బసివిని చేసేవాళ్లు. గుళ్లో తాళి కట్టించి ఆ పిల్లను కొడుకు కింద లెక్కేసేవాళ్లు. తండ్రి ఆస్తి ఆమెకే, తలకొరివీ ఆమెదే. ఆడపిల్ల ఒక్క పూటలో కొడుకైపోతే ఊరికేం ఇబ్బంది కాలేదు! నీకు ఎన్నేండ్లు, నీకిది ఇష్టమేనా అని పెద్దలెవరూ అడగలేదు. రాత్రిపూట ఆ గడప ఎవరికి తెరిచి ఉండాలో మాత్రం వాళ్లకు బాగా తెలుసు. 1988లో చట్టం చేసి నేరమనాల్సి వచ్చింది.

ఇప్పుడా పెద్దమనుషులే "పదిహేనేండ్లోళ్లకు తాము ఆడో మగో ఏం తెలుస్తాది? డాక్టర్లు దూరంగా ఉండాల" అంటా నీతి చెప్తా ఉన్నారు.

ఈడు ప్రశ్నను మేము కొట్టిపారేయం. యుక్తవయసును ఆపే మందులు ఎముకల మీద ఏం చేస్తాయో చూడాల్సిందే. వాటికి రుజువులు బలంగా లేవని 2024లో ఇంగ్లండులో డాక్టర్ కాస్ నివేదిక చెప్పింది. ఆ పిల్లలకు చికిత్సా కేంద్రాలు పెంచండి, ఆదరంగా చూడండి అని కూడా అదే నివేదిక చెప్పింది. మనోళ్లు మొదటి మాట పట్టుకుని రెండోది మింగేశారు.

ఇక్కడ కరువు పల్లెలో ఆ బిడ్డకు దొరికే మొదటి వైద్యుడు మంత్రగాడు. తర్వాత బెల్టు. ఆ బెల్టు పట్టింది రెడ్డి కాదు, మన వాడలో తండ్రే. ఆపైన గుంతకల్లు స్టేషను, దొరికిన రైలు. 2022 ఫిబ్రవరిలో నెల్లూరు లాడ్జిలో ఫార్మసీ విద్యార్థులు ఆపరేషను చేస్తే, ఆడమనిషి కావాలనుకున్న 28 ఏండ్ల మనిషి ప్రాణం పోయింది. ఈడొచ్చినోళ్లకే లాడ్జి గదైతే, పిల్లలకు ఈడు కాలేదనే మాట ఎవరిని కాపాడినట్టు?

అడక్కుండా కోసేదొకటుంది. ఆడా మగా తేలని శరీరంతో పుట్టిన పసికందులకు ఆపరేషన్లు వద్దని 2019లో మద్రాసు హైకోర్టు చెప్పింది, తమిళనాడు ప్రభుత్వం ఆ ఏడే నిషేధించింది. ఆ కోత మీద మన నీతిమంతులు నోరు విప్పగా మేము వినలేదు.

మేము పిల్లల మీద కత్తి పెట్టమనడంలేదు. వాళ్ల మాట వినే డాక్టరును పెట్టమంటున్నాం. కౌన్సెలింగు, హార్మోను వైద్యం, ఆపరేషను ఏర్పాటు సర్కారుదేనని 2019 చట్టం 15వ సెక్షనులో రాశారు. బుద్ధి మారుస్తామని చేసే చికిత్స డాక్టరుకు తప్పని 2022లో జాతీయ వైద్య కమిషనే చెప్పింది.

సంఘం పిల్లలారా, వాడలో అట్లాంటి బిడ్డ ఉందని తెలిస్తే మంత్రగాని కన్నా ముందు ఆ ఇంటికి పోండి. ముందు తల్లితో మాట్లాడండి. 15వ సెక్షను పేరు రాసి కలెక్టరాఫీసులో అర్జీ పెట్టండి, అందులో బిడ్డ పేరు రాయొద్దు. రసీదు తీసుకోకుండా రావద్దు.