మామయ్యగారి సగం గ్లాసు కాఫీ

మా మామయ్యగారికి ఎనభై ఒకటో ఏడు. పొద్దున్నే చేతిలో పేపరు, పక్కన స్టీలు గ్లాసులో కాఫీ... ఈ రెండూ లేకపోతే ఆయనకు తెల్లారినట్టే కాదు. అలాంటి మనిషి, నిరుడు అత్తయ్యగారు పోయాక గ్లాసులో సగం వదిలేయడం మొదలుపెట్టారు. ‘బాగోలేదా మామయ్యగారూ?’ అనడిగితే ‘బాగానే ఉందమ్మా’ అనేవారు. ఓరోజు మాత్రం నెమ్మదిగా అన్నారు: ‘కాఫీ తప్పేం లేదమ్మాయ్. నా నాలుకే పోయినట్టుంది. వయసైపోయింది కదా!’

మనసు చివుక్కుమంది. వంటింట్లోకెళ్లి ఆలోచించాను. అదే ఫిల్టరు, అవే పాలు, అదే పంచదార. మారింది ఒక్కటే... పొడి! అత్తయ్యగారు వీధి చివరి కొట్టులో దగ్గరుండి గింజలు మర పట్టించుకుని తెచ్చేవారు. నేనేమో నెల సరుకులతో పాటు ఓ ప్యాకెట్టు పడేసుకొస్తున్నాను. ఆ ప్యాకెట్టు తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో ఉంది, ‘కాఫీ 53 శాతం, చికోరీ 47 శాతం’ అని. అంటే ఇన్నాళ్లూ ఆయన తాగుతున్న దాంట్లో దాదాపు సగం కాఫీయే కాదన్నమాట!

చికోరీ సంగతేంటి?

చికోరీ గింజ కాదు, ఓ మొక్క వేరు. చూడ్డానికి ముల్లంగి దుంపలా ఉంటుంది. ముక్కలు కోసి, ఎండబెట్టి, వేయించి పొడి చేస్తారు. మన దేశంలో గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండిస్తారు. ఇందులో కెఫీన్ ఉండదు. అలాగని అదేదో కల్తీ సరుకనుకోకండి. కొద్దిగా కలిపితే డికాషన్‌కు మంచి రంగు, చిక్కదనం వస్తాయి. ఎక్కువైతేనే చిక్కు. కాఫీ సువాసన పోయి, మాడిన బెల్లంలాంటి రుచి మిగులుతుంది.

కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఏది ఎంత ఉందో ప్యాకెట్టు మీద ముద్రించాలి అన్నది ఆహార భద్రతా నిబంధన. కాబట్టి చదువుకోవడం మన వంతు. కాఫీ కంటే చికోరీ చవక. రెండు ప్యాకెట్ల ధరలు పోల్చేటప్పుడు ఈ లెక్క కూడా చూడండి. ఫిల్టరు కాఫీకి 80-20 పాళ్లు బాగుంటాయి. చిక్కగా కావాలనుకుంటే 70-30. అంతకు మించొద్దు.

ఏ గింజ?

అరబికాది సువాసన. రోబస్టాది చేదు, ఘాటు, చిక్కదనం. కెఫీన్ కూడా రోబస్టాలో దాదాపు రెట్టింపు. రెండూ కలిపి పట్టించుకుంటే రెండింటి గుణాలూ వస్తాయి. కొట్టులో వినిపించే ‘పీబరీ’ వేరే జాతేమీ కాదు. మామూలుగా కాఫీ పండులో రెండు గింజలు ఉంటాయి. ఒక్కోసారి ఒక్కటే గుండ్రంగా పెరుగుతుంది. అదే పీబరీ. మన అరకు లోయలో గిరిజన రైతులు చెట్ల నీడన పండించే అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దొరికితే ఓసారి రుచి చూడండి.

పొడి ఒకేసారి కిలో తేవద్దు. మర పట్టించిన క్షణం నుంచే వాసన తగ్గుతూ వస్తుంది. రెండు వారాలకు సరిపడా చాలు. గాలి చొరబడని డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టండి. తడి చెంచా అస్సలు వద్దు.

డికాషన్ దిగాలంటే...

నలుగురికి నాలుగు పెద్ద చెంచాల పొడి, 200 మిల్లీలీటర్ల నీళ్లు. ఫిల్టరు పై గిన్నె పొడిగా ఉండాలి. పొడి వేసి సమంగా సర్ది, బిళ్ల పెట్టి తేలిగ్గా అదమండి. గట్టిగా నొక్కితే చుక్క దిగదు. నీళ్లు మరిగాక పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగండి. ముందు కొద్దిగా పోసి పొడిని తడవనివ్వండి. తర్వాత మిగతావి పోసి మూత పెట్టండి. పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో దిగిపోతుంది.

దిగడం లేదా? పొడి మరీ మెత్తగా పట్టించి ఉంటారు. లేదా పై గిన్నె కింది గిన్నెలో బిగుసుకుపోయి గాలి బయటికి పోయే దారి లేకపోయి ఉంటుంది. పై గిన్నెను కాస్త లేపి మళ్లీ పెట్టండి. చిల్లులు మూసుకుపోయాయేమో వెలుతురుకు పెట్టి చూడండి. మూసుకుపోతే ఖాళీ స్టీలు గిన్నెను సన్నటి మంట మీద కాసేపు కాల్చి, చల్లారాక బ్రష్‌తో రుద్దితే తెరుచుకుంటాయి.

అన్నిటికంటే ముఖ్యం... డికాషన్‌ను మళ్లీ మరిగించొద్దు. సువాసన పోయి చేదు మిగులుతుంది. పాలు పొంగించి, ఆ వేడి పాలలో డికాషన్ కలపండి. అప్పటికప్పుడు తిరగబోస్తే నురుగు దానంతటదే వస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లుంటే మరో మాట. ఐరన్ మాత్ర, థైరాయిడ్ మాత్ర కాఫీతో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగా పట్టవు. థైరాయిడ్ మాత్ర వేసుకున్నాక అరగంట నుంచి గంట ఆగి కాఫీ తాగాలి. ఐరన్ మాత్రకూ కాఫీకీ మధ్య కనీసం గంటైనా ఎడం ఉండాలి.

ఇక మామయ్యగారి సంగతి. వీధి చివరి కొట్టుకు వెళ్లి అత్తయ్యగారి పేరు చెప్పాను. కొట్టాయన తడుముకోకుండా ‘పీబరీ, కాస్త రోబస్టా, ఇరవై పాళ్లు చికోరీ. అంతే కదమ్మా?’ అన్నాడు. ఆవిడకు నోటికి వచ్చిన లెక్క నేను ఏనాడూ అడిగి తెలుసుకోలేదు.

మర్నాడు పొద్దున గ్లాసు తీసుకెళ్లి ఇచ్చాను. ఏమీ చెప్పలేదు. ఆయన ఓ గుక్క తాగి, పేపరు మడిచి పక్కన పెట్టారు. కాసేపటికి వంటింటి గుమ్మంలో నిలబడి ఖాళీ గ్లాసు చాపారు.

‘అమ్మాయ్, డికాషన్ ఇంకా ఏమన్నా మిగిలిందా?’

ఇంట్లో పెద్దవాళ్లు ఇష్టమైనదాన్ని ఉన్నట్టుండి వదిలేస్తుంటే, వయసు మీదకు నెట్టేయకండి. ముందు ఆ డబ్బా తిప్పి చదవండి.