‘దేవుడిచ్చాడు’ అంటే సరిపోతుందా?



కృష్ణాష్టమి వచ్చిందంటే మా ఇంట్లో వీధి గుమ్మం నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో చిన్నికృష్ణుడి అడుగులు వేయడం నా పని. నాలుగేళ్ళ క్రితం అలా పిడికిలితో అడుగులు అద్దుతూ ఉంటే మా అమ్మాయి వచ్చి పక్కన చతికిలబడింది. అప్పుడు దానికి అయిదేళ్ళు. “అమ్మా, నేను నీ పొట్టలోంచి రాలేదటగా! పక్కింటి అక్క చెప్పింది” అంది.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మా అమ్మాయిని ఎనిమిది నెలల పసిగుడ్డుగా శిశుగృహ నుంచి దత్తత తెచ్చుకున్నాం. దానికి ఆ సంగతి చెప్పాలనే మా వారూ, నేనూ మొదట్నుంచీ అనుకున్నాం. కానీ మాటలు రాకముందు ‘దానికేం తెలుస్తుంది’ అనుకున్నాం. మాటలు వచ్చాక ‘ఇంకా చిన్నది, స్కూల్లో చేరనీ’ అనుకున్నాం. ఈలోగా మా బదులు వీధి చెప్పేసింది.

ఆ కంగారులో నోటికొచ్చిన మాట ఒక్కటే. “నిన్ను దేవుడు మాకిచ్చాడమ్మా” అన్నాను. అది బుద్ధిగా తలూపింది. గండం గడిచిందనుకుని పూజ చేసుకున్నాను.

ఆ రాత్రి నుంచీ నా కొంగు పట్టుకోకుండా నిద్రపోలేదు. స్నానానికి వెళితే తలుపు దగ్గరే కాపలా. నాలుగో రోజు అన్నం కలిపి పెడుతుంటే మెల్లగా అడిగింది - “నాయనమ్మని దేవుడు తీసుకెళ్ళాడు కదా! నన్ను ఇచ్చింది కూడా ఆయనే అయితే, మళ్ళీ వచ్చి తీసుకెళ్ళిపోతాడా?”

ఆ వేసవిలోనే మా అత్తయ్యగారు పోయారు. ‘దేవుడు తీసుకెళ్ళాడు’ అని దానికి చెప్పింది నేనే. చూశారా, మనం ఓదార్పుగా అన్న రెండు మాటలూ ఆ పసి బుర్రలో ఎలా కలిసిపోయాయో! దేవుడి మాట తప్పు కాదు. కానీ పెద్దవాళ్ళకి ధైర్యమిచ్చే మాట పిల్లలకి భయం కావచ్చు. వాళ్ళు ప్రతి మాటనీ అక్షరాలా నమ్ముతారు మరి.

ఆ రోజు అన్నం పళ్ళెం పక్కన పెట్టి దాన్ని ఒళ్ళో కూచోబెట్టుకున్నాను. “దేవుడు మా కోరిక విన్నాడు. కానీ శిశుగృహకి వెళ్ళిందీ, నిన్ను ఎత్తుకుని తెచ్చుకుందీ నాన్నా నేనూ. నువ్వు ఎప్పటికీ మా అమ్మాయివే. నిన్ను ఎవరూ తీసుకెళ్ళరు” అని చెప్పాను. ఆ తర్వాత కృష్ణుడి కథ చెప్పాను. “కృష్ణుడికి ఇద్దరమ్మలు. కన్నది దేవకమ్మ, పెంచింది యశోదమ్మ. అందుకే దేవకీనందనుడు అన్నా పలుకుతాడు, యశోదానందనుడు అన్నా పలుకుతాడు. నిన్ను కన్నమ్మ ఒకరున్నారు. పెంచుతున్న అమ్మని నేను” అన్నాను.

కొన్నాళ్ళు సంబరపడింది. తర్వాత టీవీలో కృష్ణుడి కథ చూసి ఇంకో ప్రశ్న వేసింది - “పెద్దయ్యాక కృష్ణుడు యశోదమ్మని వదిలేసి మధుర వెళ్ళిపోయాడుగా?” పిల్లలు మనకంటే శ్రద్ధగా వింటారండీ! అప్పుడు వకుళమ్మ కథ ఎత్తుకున్నాను. కృష్ణుడి పెళ్ళి చూడలేకపోయానని యశోదమ్మ దిగులు పడితే, ఆవిడే మరుజన్మలో వకుళమ్మగా పుట్టి శ్రీనివాసుడి పెళ్ళి దగ్గరుండి జరిపించిందని మన పెద్దలు చెబుతారు కదా! తిరుమలలో స్వామి ప్రసాదాలు వండే పోటు దగ్గరే ఆవిడ కొలువుంది. తిరుపతి దగ్గర పేరూరు కొండ మీద ఆవిడ గుడిని బాగుచేసి 2022లో మళ్ళీ తెరిచారు. “అంటే, అమ్మ ప్రేమ అక్కడితో అయిపోలేదన్నమాట” అన్నాను. దానికి తృప్తి కలిగింది.

సీతమ్మ కథ ఇంకా సులువు. జనక మహారాజు భూమి దున్నుతుంటే నాగేటి చాలులో దొరికింది. ఆ తల్లిని మనం జానకి అని పిలుచుకుంటాం. ఆ పేరు పెంచిన తండ్రి నుంచి వచ్చిందే. శ్రీనివాసుణ్ణి పెళ్ళాడిన పద్మావతమ్మా ఆకాశరాజుకి పొలం దున్నుతుండగా దొరికిన బిడ్డే. ఇలాంటి కథ పూజ గదిలోనే ఉందని తెలిస్తే, తనది దాచుకోవలసిన సంగతి కాదని బిడ్డకి తెలుస్తుంది.

మీ ఇంట్లోనో, మీ బంధువుల్లోనో దత్తత బిడ్డ ఉంటే, నేను దెబ్బ తిని నేర్చుకున్న నాలుగు మాటలు చెబుతాను.

ఒకటి: మాటలు రాకముందు నుంచే చెప్పండి. ‘నిన్ను తెచ్చుకున్న రోజు’ కథని జోలపాటలా రోజూ చెప్పండి. అప్పుడది కొత్త వార్త కాదు.

రెండు: కన్నతల్లిని ఒక్క మాట అనకండి. దేవకమ్మ ఎందుకు పంపిందో పురాణం చెప్పింది. మా అమ్మాయిని కన్న తల్లికి ఏ కష్టం వచ్చిందో నాకు తెలియదు. “నాకు తెలియదమ్మా” అనే చెబుతాను. తెలియనిది కల్పించకూడదు.

మూడు: ‘పూర్వజన్మ పాపం, తల్లి వదిలేసింది’ అని ఏ పెద్దావిడైనా అంటే అక్కడే ఆపండి. ‘వీళ్ళు తెచ్చుకోకపోతే ఏమైపోయేదో’ అన్నా ఆపండి. బిడ్డని తెచ్చుకోవడం మనం చేసిన పుణ్యకార్యం కాదు. అమ్మనవ్వాలని మనకి కోరిక, తెచ్చుకున్నాం. ఋణం తీర్చవలసిన బరువు బిడ్డ నెత్తిన పెట్టకూడదు.

నాలుగు: ‘తీసుకెళ్ళిపోతారా?’ అనే భయానికి కథతో పాటు లోకం సంగతీ చెప్పండి. మాకు అప్పట్లో కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. 2021లో చట్టం సవరించారు. 2022 సెప్టెంబరు నుంచి శిశుగృహల దత్తతలకు ఆ అధికారం జిల్లా కలెక్టరుగారికి వచ్చింది. ఆ ఉత్తర్వుతో బిడ్డ కడుపున పుట్టిన బిడ్డతో సమానం. మా అమ్మాయికి ఆ కాగితం బీరువాలోంచి తీసి చూపించాను. ‘దత్త హోమం చేయలేదుగా, చెల్లుతుందా?’ అని ఒక బంధువు సాగదీశారు. 1956 నాటి హిందూ దత్తత చట్టమే హోమం తప్పనిసరి కాదని చెబుతోంది.

ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. పుట్టినరోజున దేవుడి దగ్గర ఒక దీపం ఎక్కువ పెడతాం, కన్నమ్మ ఎక్కడున్నా చల్లగా ఉండాలని. మొదట్లో నాకు గుండె కలుక్కుమనేది, ఎందుకు దాచాలి! ‘నా వాటా తగ్గిపోతుందేమో’ అనే పాడు భయం. కిందటి పుట్టినరోజున వత్తి వెలిగించి అదే అంది, “అమ్మా, ఈ దీపం ఆవిడకి. పాయసంలో జీడిపప్పు మాత్రం నాకు ఎక్కువ వెయ్యి” అని.

వేశాను. మీరైనా వేస్తారు కదూ! మీ ఇంట్లో దత్తత బిడ్డ ఉండి ఇంకా చెప్పకపోతే, పక్కింటివాళ్ళు చెప్పేదాకా ఆగకండి. ఈ రాత్రి పడుకోబెట్టేటప్పుడే మొదలుపెట్టండి.