గవ్వల లెక్క తప్పిన చోటే పాఠం

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, కోడింగ్ శిబిరాల ఫ్లెక్సీలు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ వెలుస్తున్నాయి. బొమ్మలు వేరైనా వాటి మీద మాట ఒకటే: ఇవాళ చేరితే రేపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ ఆశను అమ్ముకోవడం ఎంతదాకా వెళ్లిందంటే, 2020లో ఒక ఆన్‌లైన్ కోడింగ్ సంస్థ ప్రకటనల్లో కొన్నింటిని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆపించాల్సి వచ్చింది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం ఆరో తరగతి దశ నుంచే పిల్లలకు కోడింగ్ పరిచయం చేయాలంది. ప్రభుత్వమూ మార్కెట్టూ రెండూ కోడింగ్ కావాలనే అంటున్నాయి. ఆ కోడింగ్‌తో పిల్లలు ఏం తయారుచేయాలన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు. ఆటలు తయారుచేయాలన్నది నా వాదన. అందుకు ఏడాది కోర్సు అక్కర్లేదు. ఊరి గ్రంథాలయంలో సెలవుల్లో ఒక రోజు పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని, సాయంత్రానికి ఆడదగ్గ ఆటొకటి చేతబట్టుకుని లేస్తే చాలు.

ఆటే ఎందుకంటే, దానికి మార్కులు వేసే మాస్టారు అక్కర్లేదు. అష్టాచమ్మానే తీసుకోండి. నాలుగు గవ్వలు వేస్తే నోరు పైకి తెరిచినవి ఎన్నో అంత పందెం. నాలుగూ తెరిస్తే చమ్మా, నాలుగూ బోర్లా పడితే ఎనిమిది, అదే అష్టా. అంటే వచ్చే అంకెలు ఐదే. దీన్ని కంప్యూటర్‌లో కట్టబోయే పిల్లలకు ముందుగా తోచేది ఆ ఐదింటిలోంచి ఏదో ఒకటి తియ్యమని చెప్పడం. ప్రోగ్రాం నడుస్తుంది, ఆట మాత్రం చెడుతుంది. ఐదు పందాలకు ఇంచుమించు రెండుసార్లు అష్టానో చమ్మానో పడుతూ కాయలు పరుగులు తీస్తాయి. అరుగు మీద గవ్వలాడి పెరిగిన అమ్మమ్మ ఎవరైనా పక్కనుంటే, ‘ఇన్ని అష్టాలు ఎక్కడివిరా’ అని రెండు నిమిషాల్లో పట్టేస్తుంది. గవ్వ తిరగబడటానికీ తెరుచుకోవడానికీ సమాన అవకాశం ఉందనుకుంటే నాలుగు గవ్వలు పదహారు రకాలుగా పడతాయి. అందులో అష్టా ఒక్కటి, చమ్మా ఒక్కటి, రెండు పడేవి ఆరు. కాబట్టి ఒక్కో గవ్వనూ విడిగా వేయించి, తెరిచినవి లెక్కపెట్టించాలి. అసలు గవ్వ నాణెంలా సమంగా పడుతుందా అన్న అనుమానం వచ్చిందంటే, నిజం గవ్వలు తెచ్చి వందసార్లు వేసి రాసుకోవడమే దారి. పదో తరగతి గణితంలో సంభావ్యత పేరుతో వచ్చే అధ్యాయం ఇదే. ఆరో తరగతి పిల్ల ఆట పాడైందన్న ఉక్రోషంతోనే అక్కడికి చేరుతుంది.

తప్పును దిద్దుకోవడమే నేర్చుకోవడమన్న ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. పిల్లల కోసం 1967లో లోగో భాషను రూపొందించినవారిలో ఒకరైన సీమోర్ పేపర్ట్ జీవితమంతా చెప్పింది ఇదే. ఆ బాటలోనే 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ స్క్రాచ్‌ను విడుదల చేసింది. రంగురంగుల దిమ్మెలను ఒకదాని కింద ఒకటి తగిలిస్తే ప్రోగ్రాం తయారవుతుంది. ఉచితం, ఒకసారి కంప్యూటర్‌లోకి దించుకుంటే ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. పిల్లలు సొంతంగా చేసుకునే దిమ్మెలకు ‘గవ్వలు వెయ్యి’, ‘కాయ జరుపు’ అని తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు. చిన్న ఆటంటే చులకన కూడా తగదు: 1972లో వీడియోగేమ్ సంస్థ అటారీకి పేరు తెచ్చిన పాంగ్, కొత్తగా చేరిన ఇంజినీరుకు చేయి తిరగడానికని అప్పగించిన అభ్యాసంగా మొదలైంది. అయితే ఆటను ఎంచుకోవడంలో నిర్వాహకులకు నిగ్రహం కావాలి. వైకుంఠపాళి ఒక పూటలో అవుతుంది. మూడు పులులు, పదిహేను మేకల పులిజూదాన్ని ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడేలా కట్టడానికే రోజంతా పట్టవచ్చు. కంప్యూటరే పులిగా ఆడాలని పట్టుబడితే ఆ రోజు ఎవరూ ఏదీ పూర్తిచేయరు.

పిల్లల్ని మళ్లీ తెరల ముందే కూర్చోబెడతారా అన్నది తల్లిదండ్రుల మొదటి అభ్యంతరం. న్యాయమైనదే. చదువుల స్థితిగతులపై వెలువడే అసర్ 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అంతకుముందు వారంలో చదువు కోసం వాడామన్నవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడామన్నవారు 76 శాతం. తెర ఎప్పుడో ఇంట్లోకి వచ్చేసింది. దాని ముందు పిల్లలు ఊరికే చూస్తూ కూర్చుంటున్నారా, ఏమైనా చేస్తున్నారా అన్నదే మిగిలిన ప్రశ్న. పైగా ఈ రోజులో సగం తెర బయటే గడవాలి: నేల మీద సుద్దముక్కతో గళ్లు గీసి, ఆడి, నియమాలు కాగితం మీద రాశాకే కంప్యూటర్ తెరవాలి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఒక్క వాక్యం చెబితే కృత్రిమ మేధే ఆట రాసిచ్చే కాలంలో దిమ్మెలు పేర్చడం దేనికి? అష్టాచమ్మా రాయమంటే అది రాస్తుంది, నిజమే. ఏ అష్టాచమ్మా? చమ్మా పడితే మళ్లీ వెయ్యాలా? ఎదుటివాళ్ల కాయనొకదాన్ని చంపకుండా లోపలి గళ్లలోకి వెళ్లవచ్చా? ఇంటికో పద్ధతి, వీధికో పద్ధతి ఉన్న ఆట ఇది. అడిగేవారు తేల్చుకోకపోతే యంత్రం తనకు తోచినట్టు తేల్చేస్తుంది. గవ్వల లెక్క తప్పుగా రాసిచ్చినా, ఒకసారైనా చేత్తో కట్టినవారికే అనుమానం వస్తుంది. కోడు రాసే పని చవకయ్యేకొద్దీ, వచ్చింది సరైనదో కాదో చెప్పగలవారి అవసరం పెరుగుతుంది.

ఒక్కరోజులో ఏమొస్తుంది అంటారు. ప్రోగ్రామింగ్ రాదు, నేనూ ఒప్పుకుంటాను. ఒక పని మొదలుపెట్టి ముగించడం అనుభవంలోకి వస్తుంది. సిలబస్ వెంట పరుగెత్తే తరగతి గదిలో అది అరుదు. అందుకే దీన్ని పోటీ చేయకూడదు. ర్యాంకులు, నగదు బహుమతులు వచ్చాయంటే అప్పటికే వచ్చినవారు గెలుస్తారు, మిగతావారు చూస్తారు. 2009 నుంచి ఏటా ప్రపంచమంతటా కొద్ది సమయంలోనే ఆటలు తయారుచేయించే గ్లోబల్ గేమ్ జామ్ తాను పోటీని కానని చెప్పుకుంటుంది. మన హ్యాకథాన్ల నిర్వాహకులకు ఆ మాట రుచించదు. ఇద్దరికో కంప్యూటర్ చాలు. కాకపోతే ఇరవై నిమిషాలకోసారి మౌస్ చేతులు మారాలన్నది కచ్చితమైన నియమంగా ఉండాలి. లేదంటే మగపిల్లవాడు మౌస్ పట్టుకుంటాడు, ఆడపిల్ల సలహాలిస్తుంది, ఇద్దరూ అదే సహజమనుకుంటారు.

గ్రంథాలయమే ఎందుకు? బడిలో జరిగితే ఆ బడి పిల్లలే వస్తారు. నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబులు దేశంలో పదివేలున్నా వాటిలో చాలామటుకు ఏ పాఠశాలవి ఆ పాఠశాలకే. గ్రంథాలయం అందరిదీ, ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నది మనమే. 1935లో కాలువల మీద పడవల్లో ఊరూరికీ పుస్తకాలు పంపిన ఉద్యమం ఈ నేలది. పోటీపరీక్షలకు చదువుకునేవారికి గోల అవుతుందన్న సందేహం సబబే. గ్రంథాలయాలకు వారపు సెలవు శుక్రవారం కాబట్టి వేసవిలో ఒక శుక్రవారం తలుపులు తెరిచి, సిబ్బందికి బదులు సెలవిస్తే ఆ చిక్కు తీరుతుంది. కంప్యూటర్లు చాలకపోతే ఊళ్లోని డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులు తమ ల్యాప్‌టాప్‌లతో వస్తారు. వాళ్లకూ ఒక తరగతికి మించిన పాఠం అది. తయారైన ఆటల ఫైళ్లు మాత్రం అక్కడి కంప్యూటర్‌లోనే ఉంచాలి. మర్నాడు పేపరు చదవడానికి వచ్చిన వారెవరైనా తెరిచి ఆడవచ్చు, నియమం నచ్చకపోతే తమ వీధి పద్ధతికి మార్చుకోవచ్చు.