సేవ ఎవరిది, చాకిరీ ఎవరిది?

‘సేవ’ అనే మాటకీ ‘చాకిరీ’ అనే మాటకీ నిఘంటువులో అంత దూరమేమీ లేదు. చేసే మనిషిని బట్టే ఆ దూరం పెరుగుతుంది. ఎక్కడినుంచో విమానమెక్కి వచ్చి పదిరోజులు ఇసుక మోస్తే అది సేవ. అదే ఇసుకని అదే ఏటిగట్టునుంచి ఆ ఊరి ఆడమనిషి ఏడాది పొడుగునా మోస్తే దానికి పేరే ఉండదు. మహా అయితే నివేదికలో ఏదో ఒక మూల ‘గ్రామస్తుల సహకారం’ అని ఉంటుంది. నేపాల్‌లో 2015 భూకంపం తర్వాత పల్లె బడులను తిరిగి కట్టడం గురించి వచ్చిన రాతలు చదివినప్పుడల్లా నన్ను వేధించిన విషయం ఇదే.

ముందు జరిగింది చెప్పుకుందాం. 2015 ఏప్రిల్ 25న మిట్టమధ్యాహ్నానికి కొద్ది నిమిషాల ముందు గోర్ఖా జిల్లా కేంద్రంగా 7.8 తీవ్రతతో భూమి కంపించింది. మే 12న మళ్లీ 7.3 తీవ్రతతో మరోసారి. దాదాపు 9 వేలమంది చనిపోయారు. వాళ్లలో సగం కంటే ఎక్కువమంది స్త్రీలూ ఆడపిల్లలే. పట్టపగలు ఇంటి గోడల మధ్య ఉండేదెవరు? పొయ్యి దగ్గరా పసిపిల్లల దగ్గరా ముసలివాళ్ల దగ్గరా ఉండేదెవరు? ఇంటిపని స్త్రీలకే కట్టబెట్టడం ఇందుకొక కారణమని నేపాల్ ప్రభుత్వ నష్ట అంచనా నివేదికే ఒప్పుకుంది. ఆ రోజు శనివారం. అక్కడ బడులకి వారపు సెలవు శనివారమే కాబట్టి వేలాది పిల్లలు బతికిపోయారు. ప్రభుత్వ బడుల్లో 25 వేలకు పైగా తరగతి గదులు పూర్తిగా కూలిపోయాయి. మరో 22 వేల గదులు కొంతమేరకు దెబ్బతిన్నాయి.

ఈ కూలిన బడులు ఎవరివి? ఇది అడగకుండా పునర్నిర్మాణం గురించి మాట్లాడలేం. నేపాల్‌లో కాస్త డబ్బున్న ఇంట్లో కొడుకుని ‘బోర్డింగ్’ అని పిలిచే ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడికి పంపుతారు, కూతుర్ని ఊళ్లోని సర్కారు బడికి పంపుతారు. ఈ సంగతి తెలుగువాళ్లకి విడమరచి చెప్పనవసరం లేదు. కాన్వెంటు బస్సు కొడుకుకీ, సర్కారు బడికి నడక కూతురికీ పంచిన ఇళ్లు మన మండలాల్లో ఎన్ని లేవు! కొండవాలు మీద మట్టి అడుసుతో రాయి పేర్చి కట్టిన ఆ బడి కూలినప్పుడు ముందుగా చదువు ఆగిపోయే ప్రమాదం ఆడపిల్లకే, అందులోనూ దళిత, ఆదివాసీ ఆడపిల్లకే. కాబట్టి బడి కట్టడమంటే అది ఆడపిల్లల ప్రశ్న. దాన్ని సిమెంటు, రేకుల ప్రశ్నగా మార్చిందెవరు?

కొంతవరకు రాజ్యమే. మే 31న బడులు తెరిచేనాటికి చాలాచోట్ల వెదురుబొంగులతో, టార్పాలిన్లతో వేసిన తాత్కాలిక పాకలే దిక్కయ్యాయి. పునర్నిర్మాణ ప్రాధికార సంస్థని ఏర్పాటు చేయడానికి ఆ ఏడాది డిసెంబరు దాకా పట్టింది. ఈలోగా సెప్టెంబరులో కొత్త రాజ్యాంగం వచ్చింది, తరాయిలో ఆందోళనలు పెరిగాయి, భారత సరిహద్దులో సరుకుల లారీలు నెలల తరబడి ఆగిపోయాయి. అది దిగ్బంధనం కాదని మన ప్రభుత్వం అంది. నేపాలీలు మాత్రం ఇప్పటికీ దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. గ్యాస్‌బండ రాకపోతే కట్టెలకోసం అడవికి వెళ్లింది ఎవరో వేరే చెప్పాలా? రాజ్యం వదిలేసిన ఈ ఖాళీలోకే స్వచ్ఛంద సేవ వచ్చింది. సంస్థలొచ్చాయి, విశ్వవిద్యాలయాల విద్యార్థులొచ్చారు, సెలవులు పెట్టుకుని ఉద్యోగులొచ్చారు.

వాళ్ల సదుద్దేశాన్ని నేను శంకించడం లేదు. సాహిత్య విద్యార్థినిగా నేను అడిగేది వాళ్లు రాసిన కథనాల వ్యాకరణం గురించి. ఆ కథనాల్లో కర్త ఎవరు? ‘మేము బడి కట్టాం’ అన్న వాక్యంలో ‘మేము’ ఎప్పుడూ బయటినుంచి వచ్చినవాళ్లే. ఊరివాళ్లకి మిగిలేది చిరునవ్వూ, కృతజ్ఞతా, పూలదండా. స్త్రీలు రెండుచోట్ల కనిపిస్తారు. స్వాగతం చెబుతున్నప్పుడు ఒకసారి, టీ గ్లాసులు అందిస్తున్నప్పుడు ఇంకోసారి. ఆ టీకి నీళ్లు ఎంత దూరంనుంచి వచ్చాయో ఏ కథనమూ చెప్పదు. భూకంపం తర్వాత నేపాల్ కొండల్లో ఎన్నో ఊటలు ఎండిపోయాయి, కొన్ని చోటు మారాయి. బిందె నడక పెరిగింది. అతిథులొస్తే బిందెల లెక్కా పెరుగుతుంది. సేవకి వచ్చినవాళ్లకి చేసిన సేవని ఎవరి పద్దులో రాయాలి?

పైగా ఊళ్లలో మగవాళ్లున్నారా? ఆ ఏళ్లలో నేపాల్ స్థూల ఉత్పత్తిలో దాదాపు పావువంతు వలస వెళ్లినవాళ్లు పంపే డబ్బే. పనిచేసే వయసున్న మగవాళ్లు గల్ఫ్‌లో, మలేషియాలో, మన దేశపు హోటళ్లలో, వాచ్‌మన్ గదుల్లో ఉన్నారు. శిథిలాలు తొలగించింది, రాళ్లు ఏరి పక్కన పేర్చింది, డోకోల్లో – వీపున మోసే ఆ వెదురు గంపల్లో – ఇసుకా కంకరా కొండెక్కించింది చాలామటుకు స్త్రీలే. స్వచ్ఛంద ప్రాజెక్టులకి తరచుగా ‘ఊరి వాటా’ అని ఒక షరతు ఉంటుంది. డబ్బు లేని ఊరు ఆ వాటాని ఒంటితో చెల్లిస్తుంది. దాన్ని శ్రమదానమంటారు. దానం ఎంత గొప్ప మాట! రాణాల కాలంలో దారులకీ వంతెనలకీ జనంచేత కూలి ఇవ్వకుండా చేయించుకున్న పనికి నేపాల్‌లో ‘ఝారా’ అని పేరు. మనకది వెట్టి. శ్రమదానం వెట్టితో సమానమని నేననడం లేదు. కాదనగలిగే వీలుంటేనే దానం దానమవుతుందని అంటున్నాను. ఇంటికొకరు రావాలని ఊరు తీర్మానిస్తే, ఆ ఇంట్లో ఉన్నది ఆమె ఒక్కతే అయితే, తన పిల్ల చదివే బడే అయితే, ఆమె కాదనగలదా? పిల్లలకోసం చేసే పని ప్రేమ కాబట్టి దానికి కూలేమిటి అనే పాత వాదం వంటింట్లోంచి బయలుదేరి బడి ఆవరణదాకా వచ్చింది. ఇంటిచాకిరీకి వేతనం అడుగుతూ 1972లో ఉద్యమం మొదలుపెట్టిన స్త్రీలు ప్రశ్నించింది ఈ వాదాన్నే.

ఇక్కడ న్యాయంతోపాటు ప్రాణాల ప్రశ్న కూడా ఉంది. భూకంపాలొచ్చే చోట గోడ కట్టడం సరదాగా పదిరోజుల్లో నేర్చుకునే పని కాదు. గోడ మందం మొత్తాన్నీ పట్టి ఉంచే బంధనపు రాళ్లు ఉండాలి, మూలలు కలిసి ఉండాలి, కిటికీల కిందా పైనా గోడ చుట్టూ పట్టీ తిరగాలి. 1990ల చివరినుంచి ఎన్‌సెట్ అనే నేపాలీ సంస్థ స్థానిక మేస్త్రీలకి శిక్షణ ఇచ్చి పాత బడి భవనాలను బలపరిచే పని మొదలుపెట్టింది. తర్వాత ప్రభుత్వమూ ఆ పనికి దిగింది. ఖాట్మండు లోయలో అలా బలపరిచిన బడులు 2015లో నిలబడ్డాయి. వాటిని నిలబెట్టింది ఆ ఊళ్లలోనే ఉండిపోయే నైపుణ్యం. సేవకి వచ్చినవాడు తిరుగు విమానంలో తన అనుభవాన్ని తీసుకెళ్లిపోతాడు. మేస్త్రీ నేర్చుకుంటే ఆ విద్య ఊళ్లో మిగులుతుంది. ఆ మేస్త్రీ స్త్రీ ఎందుకు కాకూడదు? భూకంపం తర్వాత నేపాల్‌లో ఎందరో స్త్రీలు తాపీపని నేర్చుకున్నారు, ఇళ్లు కట్టారు. కాని ఇసుక మోసే ఆడకూలీకీ తాపీ పట్టే మేస్త్రీకీ మధ్య ఉన్న గీతని చాలా ప్రాజెక్టులు ముట్టుకోనేలేదు.

ఇది జరగని పనేమీ కాదనడానికి నేపాల్‌దాకా కూడా పోనవసరం లేదు. ఒకప్పటి హైదరాబాదు రాజ్యంలో భాగమైన మరాఠ్వాడాలో, 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారి నేలమట్టమైంది. ఆ ప్రకంపనలు హైదరాబాదుకీ తెలిశాయి. తర్వాత దెబ్బతిన్న ఇళ్లను బలపరిచే ప్రభుత్వ కార్యక్రమంలో ప్రేమా గోపాలన్ స్థాపించిన స్వయం శిక్షణ ప్రయోగ్ వెయ్యికి పైగా గ్రామాల్లో స్త్రీలను ‘సంవాద సహాయక్’లుగా నిలబెట్టింది. ప్రభుత్వ డబ్బు ఎంత వస్తుందో, గోడ ఎలా కట్టాలో వాళ్లు తెలుసుకున్నారు. ఊరివాళ్లకి చెప్పారు, పని సరిగా జరుగుతోందో లేదో చూశారు. 2001లో కచ్ కూలినప్పుడు లాతూరు స్త్రీలే అక్కడికి వెళ్లి తమ అనుభవం పంచుకున్నారు. అది బడుల పని కాదు, ఇళ్ల పని. అయినా పాఠం ఒకటే. నష్టపోయిన స్త్రీ మరో చోట నష్టపోయిన స్త్రీకి గురువు కాగలదు.

‘అయితే ఎవరూ సాయం చేయొద్దంటారా?’ అని అడుగుతారు. చేయండి. లెక్క మాత్రం సరిగా రాయండి. విమానం టిక్కెట్టుకయ్యే డబ్బుతో ఆ ఊరి స్త్రీకి ఎన్ని రోజుల కూలి వస్తుందో మొదటి పేజీలోనే చెప్పండి. మగకూలీకెంతో ఆమెకూ అంతే ఇవ్వండి. తాపీపని నేర్పి, నేర్చినట్టు కాగితం ఆమె చేతిలో పెట్టండి. బడి కమిటీలో ఆమెకి కుర్చీ ఇస్తే చాలదు, చెక్కు మీద సంతకం చేసే అధికారం ఇవ్వండి. నీళ్లొచ్చే మరుగుదొడ్డి లేకుండా ‘బడి పూర్తయింది’ అని రాయకండి. నెలకి నాలుగు రోజులు ఆడపిల్లని ఇంటికి పంపేసే భవనం సగం బడే. రిబ్బను కత్తిరించిన తర్వాతి ఏళ్లలో పైకప్పు మరమ్మతుకీ, టీచరు జీతానికీ ఎవరిది బాధ్యతో ముందే తేల్చండి. అది రాజ్యం బాధ్యత. సేవ పేరుతో రాజ్యాన్ని ఆ బాధ్యతనుంచి తప్పించే హక్కు ఎవరికీ లేదు.

ఈ మాటలు మనకి కూడా వర్తిస్తాయి. మనం పనిచేసే కళాశాలలు విద్యార్థుల్ని సేవకి పంపి సర్టిఫికెట్లు ఇస్తాయి. సముద్రాల అవతలి మన బంధువులు సొంత ఊరి బడికి గది కట్టించి తల్లిదండ్రుల పేర్లు రాయిస్తారు. ఈసారి ఆ శిలాఫలకాల ముందు నిలబడినప్పుడు వాటిని సాహిత్య పాఠంలాగే చదువుదాం. కర్త ఎవరు, క్రియ ఎవరిది అని అడుగుదాం. ఇటుక ఇచ్చినవాడి పేరు ఉన్నచోట ఇటుక మోసినామె పేరు కూడా ఉండాలని పట్టుబడదాం. రాతిమీద చోటు లేదంటారా? కూలి రిజిస్టరులో ఉంది కదా. ముందు అక్కడ రాయించండి.