పసిబిడ్డల వార్డుకూ స్కానింగు అవసరం: చట్టం అడ్డు కాదు
గరికపాడు: స్కానింగు అంటే గర్భిణులకు చేసే పరీక్ష అనే పల్లెల్లో అందరూ ఎరుగుదురు. అదే యంత్రం పుట్టిన బిడ్డ ప్రాణం కాపాడేందుకు కూడా ఉపకరిస్తుందన్న సంగతి ఎరిగినవారు తక్కువ.

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతం 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుండి విడిపోయి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. జిల్లా మారినా, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ పరిస్థితి విషమిస్తే ఇక్కడి పేదలకు విజయవాడ ప్రభుత్వాసుపత్రే పెద్దదిక్కు. గరికపాడు నుండి అది సుమారు 80 కిలోమీటర్లు.

అటువంటి బిడ్డకు పాలు తాగే శక్తి ఉండదు. చేతి నరాలు సూదికి దొరకవు. అందువల్ల వైద్యులు బొడ్డుతాడులోని సిర ద్వారా సన్నని గొట్టం పంపి గ్లూకోజు, మందులు ఎక్కిస్తారు. పెద్ద సిర గుండె కుడి గదిలో కలిసేచోట ఆ గొట్టం కొన ఉండాలి. దారి తప్పి కాలేయంలోకి పోతే అక్కడ గాయం కావచ్చు. గుండె లోపలికి పోతే గుండె చుట్టూ నీరు చేరి ప్రాణానికే ముప్పు వాటిల్లవచ్చు.

కొన ఎక్కడున్నదీ తెలుసుకునేందుకు ఎక్కువగా ఎక్స్‌రే తీస్తారు. అందులో వెన్నుపూసలను ఆనవాలుగా పెట్టుకుని అంచనా కట్టవలసిందే. స్కానింగులో కొన సూటిగా కనిపిస్తుంది. కిరణాల బెడద లేదు. గొట్టం వేస్తుండగానే సరిచేయవచ్చు. బొడ్డు ఎండే కొద్దీ గొట్టం కదిలే అవకాశం ఉన్నందున మళ్ళీ మళ్ళీ చూడవచ్చు. అయితే యంత్రం ఉన్నంత మాత్రాన చాలదు, శిక్షణ పొందిన చెయ్యి కావాలి. ఊపిరితిత్తులు చూసేందుకు ఎక్స్‌రే అవసరం ఎలాగూ ఉంటుంది.

ఇక్కడే చట్టం ప్రశ్న వస్తుంది. లింగనిర్ధారణ నిరోధానికి 1994లో చేసిన చట్టం 1996 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం స్కానింగు యంత్రాలన్నీ రిజిస్టరు కావాలి. ఆడపిల్లలను కడుపులోనే చిదిమివేయకుండా కాపాడే ఈ చట్టాన్ని సడలించమనడం న్యాయం కాదు. పుట్టిన బిడ్డ ఆడో మగో అందరికీ తెలిసిందే గదా అనవచ్చు. కాని పసిబిడ్డల వార్డులోని యంత్రమే పక్క వార్డుకు పోతే గర్భిణికీ పనిచేస్తుంది. కనుక నిఘా తప్పదు.

అలాగని చట్టం ఈ వైద్యానికి అడ్డు కాదు. రిజిస్టరైన ఆవరణలో, అక్కడ చేరిన రోగులకు మంచం వద్దనే చిన్న యంత్రాన్ని వాడవచ్చునని 2012 నాటి నిబంధన చెబుతున్నది. పసిబిడ్డల వార్డుకు ప్రత్యేక యంత్రం కేటాయించి, రిజిస్టరు చేయించి, వాడిన ప్రతిసారీ పుస్తకంలో నమోదు చేస్తే రెండు ప్రయోజనాలూ నెరవేరుతాయి.

ఖర్చు గురించి తల్లిదండ్రులు జంకనవసరం లేదు. 2011 జూన్ 1న ప్రారంభమైన జననీ శిశు సురక్ష పథకం కింద ప్రభుత్వాసుపత్రిలో జబ్బుపడిన నవజాత శిశువుకు మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. మొదట 30 రోజులకే ఉన్న ఈ సదుపాయాన్ని తర్వాత ఏడాది వయస్సు వరకు పొడిగించారు.

బొడ్డులో గొట్టం వేసినప్పుడు, "కొన సరియైన చోట ఉన్నదా, దేనితో చూశారు?" అని వైద్యులను అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉన్నది. ఆ ప్రశ్నకు ప్రతి ఆసుపత్రిలోనూ వెంటనే జవాబు దొరికేలా యంత్రాన్ని, శిక్షణను సమకూర్చవలసిన బాధ్యత ప్రభుత్వానిది.